రాత్రి పడుకునేవారి పట్టిక

కంప్యూటర్ ఆపేసి ఉంది. నేను వంటింట్లో చారుకు తాలింపు పెడుతున్నాను. ముందుగదిలో ప్రింటర్ కిర్రుమంటూ దానంతట అదే కాగితం లాక్కుంది. నాకు భయం మొదలైంది అప్పుడే.

వెళ్లి చూసేసరికి రెండో కాగితం బయటికి వస్తోంది. బడి నుంచి అప్పుడే వచ్చిన పిల్లలిద్దరూ చప్పట్లు కొడుతున్నారు.

"అమ్మా, దయ్యం ప్రింట్ కొడుతుంది!" అంది చిన్నది.

రెండు రోజుల కిందట ఖమ్మం నుంచి వచ్చిన మెకానిక్ ఆ ప్రింటర్ తీగను కంప్యూటర్ నుంచి పీకి, గోడకున్న వైర్‌లెస్ పెట్టె వెనక గుచ్చి వెళ్లాడు. ఇక ఏ గదిలోంచైనా ప్రింట్ తీసుకోవచ్చన్నాడు. మా ఆయన బడిలో సారు. ప్రశ్నపత్రాలు ఇంట్లోనే తయారుచేస్తారు. కానీ ఆయన ఇంకా ఇంటికి రాలేదు.

కాగితాల నిండా గళ్లు. అడవి గూడేల పేర్లు, ఇంటిపెద్దల పేర్లు, చివరి గడిలో 'రాత్రి పడుకునేవారు' అని అంకెలు. ఒక ఇంట్లో నలుగురు, ఒక ఇంట్లో ఏడుగురు. కొన్ని పేర్ల పక్కన నల్లటి చుక్క.

ఎవరింట్లో రాత్రి ఎందరు పడుకుంటారో ఎవరికి కావాలి? పర్ణశాల దారిలో బస్సులాపి సంచులు వెతికే రోజులవి. కొత్త మనిషికి అన్నమెందుకు పెట్టారని గూడెంవాళ్లను ఒకరు అడిగేవారు, పోలీసులకు నీళ్లెందుకిచ్చారని అడవిలోని అన్నలు అడిగేవారు. ఈ పట్టిక ఏ వైపుదైనా, వచ్చింది మా ప్రింటర్‌లోంచి. ఎవరైనా తలుపు తడితే మా ఆయననే తీసుకుపోతారు. కాగితాలు మడిచి బియ్యం డబ్బా కిందికి తోశాను.

అంతలో మెట్ల మీద చెప్పుల చప్పుడు. పైవాటాలో కొత్తగా కిరాయికి దిగిన అమ్మాయి. ఒంటరిగా ఉంటుంది. తెల్లవారకముందే బండి మీద వెళ్లి, మోకాళ్ల దాకా బురదతో తిరిగొస్తుంది. ఏం పనమ్మా అని ఒకసారి అడిగితే, "ఊర్లు తిరిగే పని అక్కా" అని నవ్వి ఊరుకుంది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

"అక్కా, మీ ప్రింటర్ల నా కాగితాలు గిన వచ్చినయా?"

"నీ కాగితాలు మా ప్రింటర్ల ఎందుకొస్తయి?"

"సారే గద, మొన్న మెకానిక్ తోని నా లాప్‌టాప్‌ల గూడ మీ ప్రింటర్ పెట్టిచ్చిండు. నీకు చెప్పలేదా?"

చెప్పలేదు. అయినా నేను తగ్గలేదు. "ఏం రాలేదు" అన్నాను.

"వచ్చినయి గదమ్మా! బియ్యం డబ్బా కింద పెట్టినవ్!" అంది చిన్నది.

నా ముఖం మండిపోయింది. ఆ అమ్మాయి నవ్వలేదు ఈసారి. "చూసినవా అక్కా?"

"చూసిన. ఇంట్ల ఎంతమంది పంటరో నీకెందుకు?"

"దోమతెరలకు! ఇద్దరికొకటి ఇస్తరు. చుక్క పెట్టినోళ్ల ఇండ్లల్ల చలిజరం ఉన్నది. రేపు పొద్దుగాల ఆటోల మోసుకపోవాలె. లిస్టు లేకుంటే మా దవాఖాన స్టోరు నుంచి ఒక్కటి గూడ ఇయ్యరు." నా వైపు తేరిపార చూసింది. "నన్ను ఏమనుకున్నవ్?"

కాగితాలు తీసి ఇచ్చాను. ఒకదానికి డబ్బా అడుగు తడి అంటి, రెండు పేర్లు అలుక్కుపోయాయి. ఆ పేర్లను పెన్నుతో మళ్లీ రాసుకుంది. నేను ఆమె మాట పూర్తిగా నమ్మలేదు. మా ఆయన ఇంటికి రాగానే పోట్లాడి, ఆ వైర్‌లెస్ పెట్టె పాస్‌వర్డ్ మార్పించాను.

తెల్లారి కిటికీ సందులోంచి చూశాను. వాకిట్లో ఆటో. కప్పు దాకా తెల్లటి దోమతెరల మూటలు. వాటి మధ్య ఆమె ఆ కాగితాలు పట్టుకుని, ఒక్కో పేరూ చదివి లెక్క చూసుకుంటోంది.

పిల్లల్ని లేపి చెప్పాను. "కొత్త పాస్‌వర్డ్ ఎవరడిగినా చెప్పొద్దు. బళ్లె దోస్తులకు గూడ. పైన పిన్నికి మాత్రం చెప్పాలె. జల్దీ పోండి, ఆటో కదలకముందే. కాగితం మీద రాసియ్యొద్దు, చెవిల చెప్పి రాండి."