అద్దంలో బొమ్మ మందూ, మా బావ నాడీ

ఆ రోజుల్లో నాకు చదువు మీద ఎంత గౌరవమో, చదువుకున్నవాళ్లంటే అంత భయం. అరవయ్యో దశకం చివర్లో విజయనగరంలో ఒక పెద్ద డాక్టరుగారి దగ్గర సహాయకుడిగా చేరాను. ఆయన హుషారు పుట్టించే మందొకటి పరీక్షిస్తున్నారు. అది రెండు రూపాల్లో ఉంటుందట, కుడి చెయ్యీ అద్దంలో దాని బొమ్మా ఉన్నట్టు. రెండూ మనిషి మీద ఒకేలా పనిచేస్తాయా లేదా అన్నది తేల్చాలి. అందుకు ఏ జబ్బూ లేని మనుషులు కావాలి. నేను సాలూరు వెళ్లి, లారీ నడిపే మా బావనీ (సొంత అక్క మొగుడే), అతని తోటి డ్రైవరునీ బతిమాలి తీసుకొచ్చాను. ఆ డ్రైవరుకి పెళ్లై నెల కాలేదు, అందరం కొత్తపెళ్లికొడుకు అనే పిలిచేవాళ్లం. బయల్దేరేటప్పుడు అక్క, "ఒరే, మీ బావకేటైనా అయితే నీ మొకం సూడను" అంది.

ఒకరికి ఒక రూపం మందూ, ఇంకొకరికి రెండో రూపం మందూ ఉన్న చెరో పొట్లమూ, గ్లాసెడు నీళ్లూ ఇచ్చి, గడియారం తేవడానికి పక్క గదిలోకి వెళ్లాను (వెళ్లకుండా ఉండాల్సింది). గంట తిరిగేసరికి బావ నాడి పరుగందుకుంది. ఘాట్ రోడ్డులో మలుపులన్నీ వరసపెట్టి చెబుతున్నాడు, ఆపమన్నా ఆపడం లేదు. పెళ్లికొడుకు గోడకానుకుని ఆవులిస్తున్నాడు. ఇంత తేడా ఉంటుందని డాక్టరుగారు కూడా ఊహించి ఉండరని గర్వంగా రాసుకున్నాను. రెండో గంటకి బావ చొక్కా తడిసిపోయింది. గర్వం పోయింది, కాగితం పక్కన పడేసి బావ దగ్గరకి వెళ్లాను.

"బావా, గుండెల్లో నొప్పేటైనా ఉన్నాదా? నిజం సెప్పు."

"నొప్పి లేదురా. ఒకటి సెప్తాను, కోప్పడకు. ఆడికి మొన్నే పెళ్లయినాది. ఏటైనా అయితే ఆ పిల్లకెవుడు సమాదానం సెప్తాడు? అందుకని ఆడి పొట్లం కూడా నానే మింగీసినాను."

"మరి అక్కకో?"

"మీ అక్కకేటి, నువ్వున్నావు కదా."

డాక్టరుగారి దగ్గరకి ఎలా పరుగెత్తానో నాకే తెలియదు. ఆయన బావని పడుకోబెట్టి, నాడి దిగేదాకా మంచం పక్కనుంచి కదల్లేదు. సాయంత్రానికి బావ ఆకలన్నాడు, నేను వరండాలోకి పోయి ఏడ్చాను. డాక్టరుగారు నేను రాసిన కాగితం మొత్తాన్నీ ఒక్క గీతతో కొట్టేసి, "ఇకమీదట మింగేదాకా ఎదురుగా కూర్చో" అన్నారు, అంతే.

జ్వరాలూ, దగ్గులూ, తాతల నాటి జబ్బులూ అన్నీ అడిగి రాసుకున్నాను గానీ, భయంగా ఉందా అని ఆ ఇద్దరిలో ఒక్కరినీ అడగలేదు. లారీ డ్రైవర్లకి భయమేమిటనుకున్నాను. ఆ తెలివితక్కువ కుర్రాణ్ని తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. "నువ్వున్నావు కదా" అన్న బావ మాట గుర్తొచ్చేసరికి ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోతుంది.