రబ్బరు నీలం వైపు

మన రబ్బరు గుర్తుందా? ఎర్ర వైపు పెన్సిలుకు, నీలం వైపు పెన్నుకు. కాన్వెంటులో నీలం వైపుతో రుద్ది ఎన్ని పేజీలకు బొక్కలు పెట్టామో.

నిన్న హిందూపురంలో టంకం వాసన కొట్టే టీవీ రిపేరు షాపుకు అక్కతో వెళ్ళాను. నాయన ఒకప్పుడు ధర్మవరం నుంచి తెచ్చిన వీడియో గేమ్, దాని పసుపు క్యాసెట్ తీసుకెళ్ళాం. చిన్నప్పుడు టీవీలో బొమ్మ రాకపోతే క్యాసెట్ తీసి, అంచున ఊది, మళ్ళీ పెట్టేవాళ్ళం. ఒకరోజు ఎంత ఊదినా రాలేదు. అక్క ఎంగిలి పడి పాడైందని నాయన తిట్టాడు. ఆ తర్వాత అక్క దాన్ని ముట్టనే లేదు.

షాపు అతను క్యాసెట్ విప్పి వెలుతురులో పెట్టి చూశాడు.

"నేను ఊదినందుకేనా అన్నా?" అక్క అడిగింది.

"ఊదితే ఇట్లా కాదులేమ్మా. ఎవరో బాగా గీకినారు. రాగి గీతలన్నీ లేసిపోయినాయి. ఇంక నేను చేసేదేమీ లేదు."

అక్క తిట్లు తినడానికి ముందురోజు, బాగా శుభ్రమవుతుందని రబ్బరు నీలం వైపుతో ఆ గీతల్ని రుద్దింది నేను. అప్పుడు చెప్పలేదు.

అక్క అక్కడి నుంచే నాయనకు ఫోన్ చేసింది. "నాయనా, ఆ గేమ్ పాడు చేసింది నేను కాదంట."

"మరి ఎవరంట పాపా?" ఆయన గొంతు నాకూ వినిపించింది.

అక్క నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను.

"ఎవరో తెలీదంట నాయనా," అంది.