జారనివ్వని వేలు

ఆదివారం మధ్యాహ్నం హెబ్బగోడి గదిలో ఒక టీవీ, ఒక గేమ్ కన్సోల్, సగం సర్దిన సూట్‌కేసు, నేను, నా రూమ్మేట్. కన్సోల్ అతనిది. సాయంత్రం దాన్ని తీసుకుని హొసకోటెకు మారిపోతున్నాడు. ఆలోపు కార్ల రేసు ఆటలో ఒక్క మలుపైనా డ్రిఫ్ట్ చేయాలి, అంటే కారును పక్కకు జారిస్తూ దాటాలి అని నా పంతం.

ఆఫీసులో నా పని కార్లు జారకుండా చూసే సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించడం. ఆ అలవాటు వేళ్లకు పట్టుకుంది. వెనక చక్రాలు జారగానే నా వేలు యాక్సిలరేటర్ బటన్ వదిలేస్తుంది. కారు తిన్నగా వెళ్లి గోడకు గుద్దుకుంటుంది. గోడ తగిలితే వచ్చిన పాయింట్లన్నీ పోతాయి.

"జారనీ అప్పా. ఈడ జారితే ఎవురూ నీ జీతం కొయ్యరు," అన్నాడు.

ఆఖరిసారి జారనిచ్చాను. పాయింట్లు పెరుగుతూ పోయాయి. మలుపు ముగిసేలోపే వేలు మళ్లీ లేచింది.

అతను వైర్లు పీకి చుట్టుకున్నాడు. నా స్కోరు సున్నా.