చాచా కట్టిన ముడి

దయ్యాలంటే నాకు భయమూ లేదు, నమ్మకమూ లేదు. లాడ్జి ఖర్చు మిగులుతుందని స్మశానం గోడ పక్కన గుర్రుపెట్టి నిద్రపోయినవాణ్ణి. అందుకే ఈ సంగతి చెప్పాలంటే నాకే కాస్త సిగ్గుగా ఉంది.

మాది ఉప్పుగూడ. సెలవు దొరికితే సైకిల్ మీద దూరాలు పోవడం నా పిచ్చి. రిపేరు మాత్రం కార్వాన్‌లో ఇస్మాయిల్ చాచా దగ్గరే. వేలు పోసి మెత్తటి సీటు కొంటానంటే తిట్టేవాడు.

"స్పాంజిల ఏముంది బేటా? ఎత్తు సక్కగుంటే చెక్క మీద కూసున్నా ఆరాం ఉంటది."

చెప్పులు విప్పించి, సీటెక్కించి, మడమ పెడల్‌కు ఆనించమనేవాడు. కాలు నిటారుగా వచ్చే ఎత్తులో సీటు బిగించి, దాని కింద గుర్తుగా పాత ట్యూబు ముక్క చుట్టి ముడి వేసేవాడు. ఎడమచేతివాటం మనిషి. ఆ ముడి నాకెన్నిసార్లు నేర్పినా రాలేదు. ఊరు చేరగానే ఫోన్ చేసి మోకాళ్ళ సంగతి చెప్పాలని షరతు.

బీదర్ ఆయన అత్తగారి ఊరు. పెళ్ళైన కొత్తలో సైకిల్ మీదే వెళ్ళేవాడట. నన్నూ అలా వెళ్ళి రమ్మని ఏడాదిగా పోరుపెట్టాడు. వెళ్తానని మాటిచ్చి, వాయిదాలు వేస్తుండగానే ఆయన పోయాడు.

నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థనలు అయ్యాక బయల్దేరాను. ముందురోజు ప్రేమకొద్దీ సైకిల్‌ను తళతళలాడేలా తోమాను. ఆ ఊపులో జిడ్డుపట్టిన ట్యూబు ముక్కను కోసి చెత్తబుట్టలో పారేశాను. విప్పిన సీటును నాకు తోచినట్టు బిగించాను. అంత తెలివి నాది!

సదాశివపేట దాటేసరికి మోకాళ్ళు పోటు పెట్టాయి. రెండుసార్లు ఎత్తు మార్చినా లాభం లేదు. ఇక బస్సెక్కాల్సిందే అనుకున్నాను. చాచాకిచ్చిన ఒక్క మాటా పోతోందని ఏడుపొచ్చింది.

మధ్యాహ్నం రోడ్డు పక్క చాయ్ హోటల్ అరుగు మీద నడుం వాల్చాను. తాళం కూడా కొనని పిసినారిని కాబట్టి సైకిల్‌ను తువాలుతో కాలికి కట్టుకున్నాను. సీటు బిగించే పానా నా తల కింద సంచిలో ఉంది.

అరగంటకు మెలకువ వచ్చింది. తువాలు కట్టు కట్టినట్టే ఉంది. సీటు మాత్రం బొటనవేలి వెడల్పంత పైకి లేచి ఉంది. దాని కింద నల్లటి ట్యూబు ముక్క, ఎడమచేతి ముడి.

చాయ్ కాసే అవ్వను అడిగాను.

"నేను ఈడనే ఉన్న కద బిడ్డా. నీ తాన ఎవ్వరు రాలే," అంది.

బీదర్ దాకా మళ్ళీ నొప్పి లేదు. చేరగానే అలవాటుకొద్దీ చాచా నంబరుకే ఫోన్ చేశాను. చాచీ ఎత్తింది.

"మోకాళ్ళు ఎట్లున్నయ్ బేటా?" అచ్చం ఆయన అడిగినట్టే అడిగింది.

"మంచిగున్నయ్ చాచీ. చాచా సరిజేసిండు," అనేశాను.

"చేస్తడు. నీ గురించి ఫికర్ మస్తుండె ఆయనకు," అంది.

ఎలా జరిగిందో నాకిప్పటికీ తెలియదు. నిద్రమత్తులో నేనే చేసుకున్నానేమో అనుకుందామంటే, ఆ ముడి నాకు రాదు. సైకిల్‌ను ఇప్పుడూ తోముతాను, ఆ ఒక్క చోటు వదిలేసి.