సాయంత్రం కోసిన పాలకూర

మొక్క వెలుతురును పట్టుకుని, దాంతో నీటిని విడగొడుతుంది. ఆ పని చేసే ప్రొటీన్ల గుంపులో ఏ అణువు ఎక్కడ కూర్చుందో చూడడమే నా ఉద్యోగం. ముప్పై ఏళ్ళుగా అదే చేస్తున్నాను. వినడానికి గొప్పగానే ఉంటుంది గానీ, రోజూ పని మొదలయ్యేది పాలకూరతో. ఆకును చల్లటి ద్రావణంలో మిక్సీ పట్టి, గుడ్డలో వడకట్టి, ఆ రసాన్ని గొట్టాల్లో పోసి యంత్రంలో గిర్రున తిప్పితే అడుగున పచ్చటి ముద్ద పేరుకుంటుంది. మాకు కావలసినవన్నీ అందులోనే ఉంటాయి. మా ఆవిడ దీన్ని ఉప్పూకారం లేని వంట అంటుంది.

ఆ ఏడాది ఆకు తెచ్చే పని నేనే పెట్టుకున్నాను. ల్యాబ్ మంగళగిరి దగ్గర, ఇల్లు విజయవాడలో. సాయంత్రం ఇంటికి వెళ్తూ ఉండవల్లి దగ్గర కారు ఆపితే, అప్పుడే చేలో కోసుకొచ్చిన కట్టలు రోడ్డు పక్కన ఒకావిడ అమ్ముతుండేది. రాత్రికి మా ఫ్రిజ్‌లో, పొద్దున్నే ల్యాబ్‌లో. ఇంత తాజా ఆకు ఎవరు తెస్తారని నాకు కాస్త గర్వం కూడా.

చల్లపల్లి నుంచి వచ్చిన ఒక అమ్మాయి నా దగ్గర పరిశోధన చేస్తుండేది. ఆకు మిక్సీ పట్టి వడకట్టే పని అప్పట్లో తనదే. ఆ అమ్మాయి గొట్టాల్లో పచ్చముద్ద కింద ఎప్పుడూ ఒక తెల్లటి పొర. ప్రొటీన్లు ముక్కలైపోయి వచ్చేవి.

"సార్, పొద్దున కోసిన ఆకు తెచ్చి చూద్దామా అండీ?" అని ఒకరోజు అడిగింది.

"ఆకు బాగానే ఉందమ్మా. ముందు నీ చెయ్యి కుదురుగా ఉందేమో చూసుకో," అన్నాను. పక్కనున్నవాళ్ళు నవ్వారు. అందరికంటే ఎక్కువ నేనే నవ్వాను.

ఆ తర్వాత కొన్నాళ్ళకు, ఆ అమ్మాయి ఫెలోషిప్ ఇంకో ఏడాది పొడిగించాలా వద్దా అని కమిటీ నన్ను నివేదిక అడిగింది. పనితనం లేదు, పొడిగించి ప్రయోజనం లేదు అని రెండు వాక్యాలు రాసి పంపి, టీ తాగడానికి వెళ్ళాను. ఫెలోషిప్ ఆగితే ఆ అమ్మాయి చదువు అక్కడితో సరి. సంగతి తెలిసి, సెలవు చీటీ పెట్టి ఊరెళ్ళిపోయింది.

పని ఆగకూడదు కదా. పనితనమంటే ఏమిటో చూపిద్దామని నేనే చొక్కా చేతులు మడిచాను. తెల్లటి పొర వచ్చింది. మర్నాడూ వచ్చింది. మూడో రోజు మిక్సీని అనుమానించాను. ఇక దారిలేక ఆ అమ్మాయి నోటుబుక్కు తెరిచాను.

ప్రతి పేజీలో మొదటి పంక్తి ఒకటే: 'ఆకు: సార్ తెచ్చారు. సాయంత్రం కోత.' ఒక్క పేజీలో మాత్రం వేరే ఉంది. నేను ఊళ్ళో లేని రోజది. 'ఆకు: నేను తెచ్చాను. తెల్లవారుజామున కోత. తెల్ల పొర లేదు. సార్‌ని అడగాలి.' తర్వాతి పేజీలో, 'సార్‌ని అడిగాను.' అంతే. ప్రతి పేజీ అడుగునా, చూశానన్నట్టు నా సంతకం ఉంది.

ఆకు పగలంతా పిండిపదార్థం దాచుకుంటుంది, రాత్రి ఖర్చు పెట్టుకుంటుంది. సాయంత్రం కోసి ఫ్రిజ్‌లో పెడితే ఆ పిండి అలాగే ఉండిపోయి, యంత్రం తిప్పేటప్పుడు గులకరాళ్ళలా మిగతావాటిని చీల్చేస్తుంది; అడుగున తేలే తెల్లటి పొర అదే. ఇది నాకు తెలియనిది కాదు. ఏటా క్లాసులో నేను చెప్పే పాఠమే.

ఆ నోటుబుక్కు పట్టుకుని కమిటీ పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. ఆయన పేజీలు తిప్పి, కళ్ళజోడు పైనుంచి చూశారు.

"ఈ సంతకాలు మీవి కావంటారా?"

"నావేనండీ. చదవకుండా పెట్టాను."

"మరి నివేదిక?"

"అదీ చదవకుండానే రాశానండి."

ఆయన నవ్వలేదు. తప్పు నాదని కాగితం మీద రాయించుకుని, పొడిగింపు ఉత్తర్వు మీద సంతకం చేశారు.

ఆ మధ్యాహ్నమే చల్లపల్లిలో ఉన్న ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. పొరపాటు ఆకుదీ కాదు, తనదీ కాదు, నాదే అని చెప్పాను.

"ఆ మాట మా అమ్మకి చెప్పండి సార్. నాకు చేతకాక వచ్చేశాననుకుంటోంది," అని ఫోన్ ఇచ్చేసింది.

ముప్పై ఏళ్ళుగా పెద్ద పెద్ద సభల్లో మాట్లాడినవాణ్ణి, ఆవిడ ముందు మాట కోసం తడుముకున్నాను. ఎలాగో మొత్తం చెప్పాను. ఆవిడ ఓపిగ్గా విన్నది.

"ఇంత చదువుకున్నారు గదండీ, మా పిల్ల రాసింది కూడా ఒకసారి చదవాల్సింది," అంది.

"చదవాల్సిందండీ."

"సోమవారం పంపిస్తాను. ఈసారి ఏడ్చుకుంటూ వచ్చిందంటే మాత్రం, మీ ఆఫీసుకి నేనే వస్తానండి."

తప్పకుండా రమ్మన్నాను. ఊరికే అన్న మాట కాదది.