చివర ఎక్కాల్సిన అల్లం

కరోనా తగ్గిన మరుసటి ఏడు నన్ను పడమటి తీరంలోని ఒక కంటైనర్ టెర్మినల్‌కు షిప్ ప్లానర్‌గా వేశారు. ఏ కంటైనర్ ఓడలో ఏ గడిలో, ఏ వరుసలో ఎక్కాలో తేల్చే పని. సెలవుల్లో బీదర్ వచ్చినప్పుడు మాత్రం, నేను చెయ్యి ఊపనిదే ఓడ కదలదని చెప్పుకునేవాణ్ణి. ఓడను కదిలించేది పైలట్. నేను ఊపింది కంప్యూటర్ మౌసు.

ఆ గొప్పలు నమ్మినవాడు మా బీదర్ దగ్గరి దుబల్గుండి ఊరి సామేలు, నాకు వరసకు తమ్ముడు. పొలం కుదువపెట్టి, ఊరి రైతుల అల్లం కూడగట్టి, మొదటిసారి గల్ఫ్‌కు పంపుతూ ఫోన్ చేశాడు.

"అన్నా, నా డబ్బా నీ చేతులనే ఉన్నది."

"ఫికర్ చెయ్యకురా. ఆడ అందరికన్న ముందుగల్ల నీదే దిగుతది."

ముందు దిగాలంటే పైన ఉండాలి. పైన ఉండాలంటే చివర ఎక్కాలి. మధ్యలో ఎక్కాల్సిన సామేలు శీతల కంటైనర్‌ను ఆఖరి వరుసకు మార్చాను. బరువులు సరిపోయాయి, ఎవరూ అడ్డు చెప్పలేదు.

లోడింగ్ సగంలో క్రేన్ చెడిపోయింది. బాగయ్యేసరికి పోటు తగ్గుతోంది. నీళ్లు తగ్గితే నిండు ఓడ రేవు కాలువ దాటి సముద్రంలోకి పోలేదు. అలాంటప్పుడు మిగిలినవి వదిలేసి ఓడను పంపేస్తారు. దాన్ని మా భాషలో 'కట్ అండ్ రన్' అంటారు. షిఫ్ట్ మేనేజర్ ఆ మాటే అన్నాడు. నేను కెప్టెన్‌తో కొట్లాడానని బీదర్‌లో చాలామందికి చెప్పాను. అప్పుడు నేనన్నది "ఓకే సర్" ఒక్కటే.

సామేలు డబ్బా రేవులోనే మిగిలింది. తర్వాతి ఓడ వారానికి గానీ లేదు. గల్ఫ్‌లోని బేరగాడు సరుకు వద్దన్నాడు. అల్లం రేవు ఊళ్లోనే అడ్డికి పావుసేరుగా పోయింది. సామేలుకు మొదట సముద్రం మీద నెపం వేశాను. ఆ క్రిస్మస్‌కు ఇంటికొచ్చి సూటిగా అడిగాడు.

"నువ్వు ముట్టకపోతే నా డబ్బా ఎక్కేదే గదనే?"

"ఎక్కేదే," అన్నాను.

"మరి ముట్టుడెందుకు, ఓడల సాబ్?"

చాయ్ తాగకుండా లేచి వెళ్లాడు. పొలం ఇంకా విడిపించుకోలేదు. ఇప్పుడు బసవకళ్యాణ్‌లో ఇంకొకరి అడత్ దుకాణంలో సరుకు తూయిస్తున్నాడు.

వరుసలో ఉన్న కంటైనర్‌ను, తెలిసినవాడిదని చెప్పి, మేలుకైనా సరే కదపకూడదు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా మా జిల్లా సరుకు ఏ కంటైనర్‌లో ఉందో నేను అడగలేదు.