మస్టర్ దాకా నడిచిన కాలు

మొన్న గోదావరిఖని బస్టాండులో దిగుతుంటే కండక్టరమ్మ నా మోచెయ్యి పట్టుకుని, "మెల్లగ దిగు తాతా, ఏం జల్ది ఉన్నది?" అంది. పెన్షన్‌దారుకు జల్ది ఏముంటుంది గానీ, ఆ మాటకు మా బావ గుర్తొచ్చి మెట్టు మీదే నిలబడిపోయాను. వెనకవాళ్లు విసుక్కున్నారు.

డెబ్బైల్లో మమ్మల్ని బొగ్గుబాయికి లారీలో తీసుకెళ్లేవారు. ముందురోజు అందులో ఇసుక పోశారో, కట్టెలు వేశారో మా బట్టలు చూసి ఇంట్లో ఆడవాళ్లు చెప్పేవారు. సద్దిగిన్నెలు కడుపుకు ఆనించుకుని నిలబడేవాళ్లం. బాయి దగ్గర కిటికీలో మస్టర్, అంటే హాజరు, వేయించుకోవాలి. కిటికీ మూస్తే ఆ రోజు నాగా. అందుకని మలుపులో లారీ నెమ్మదించగానే దూకేవాళ్లం. ఆగాక దిగినవాణ్ణి ముసలోళ్లలో జమకట్టేవాళ్లం. మా అక్క మొగుడు అందరికన్నా ముందు దూకి, వెనక్కి తిరిగి నన్ను చూసి నవ్వేవాడు.

ఒక వానాకాలం పొద్దున నవ్వలేదు. బురదలో జారి కంకర కుప్ప మీద పడ్డాడు.

"కాలు నా మాట ఇంటలేదుర," అన్నాడు.

"లే బావా! మస్టర్ పడితెనే డ్యూటీ దెబ్బ అని రాస్తరు," అన్నాను. అప్పట్లో నాకు అన్నీ తెలుసు. చంకలో చెయ్యేసి లేపి, నడిపించి, వరసలో నిలబెట్టాను. పళ్లు బిగబట్టి తన పేరు తనే చెప్పాడు. మస్టర్ పడ్డాక కూలబడ్డాడు.

మోకాలి కింద ఎముక విరిగిందనీ, నడవడంతో పక్కకు జరిగిందనీ దవాఖానలో చెప్పారు. విచారణకు వచ్చిన గుమాస్తా మస్టర్ పుస్తకం చూసి, "కాలు ఇరిగినోడు నడుచుకుంట వచ్చి పేరెట్ల చెప్పిండు?" అన్నాడు. డ్యూటీ దెబ్బ కాదని రాశాడు. అట్లా రాసుంటే బాయి దిగక్కర్లేకుండా పైన కూర్చునే పనేదో ఇచ్చేవాళ్లు. నేను సాక్ష్యం చెప్పబోతే బామ్మర్ది మాట చెల్లదన్నారు. వంకరగా అతికిన కాలుతో బాయి దిగలేక బావ పని పోయింది.

అక్క నన్ను తిట్టలేదు. ఒక్కసారే అడిగింది: "నువ్వే పట్టుకున్నవు గదరా తమ్మీ, ఆడనే కూసోబెట్టకపోతివా?"

తర్వాత బావ బసంత్‌నగర్ రోడ్డు మీద సైకిళ్లకు పంక్చర్లు వేస్తూ బతికాడు. పెళ్లికైనా చావుకైనా అందరికన్నా ముందు బయల్దేరి, అందరికన్నా చివర చేరేవాడు. ఎన్నడూ నన్నొక మాట అనలేదు. అంటే బాగుండేది. లారీ ఆగేదాకా ఒక్క నిమిషం ఆగలేకపోయినవాళ్లం, ఆ తర్వాత ప్రతిచోటా బావ వచ్చి చేరేదాకా ముప్పై ఏళ్లు ఆగాం.